మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఇంట్లో దైవభక్తి: మెట్టు మెట్టుగా ఒక మార్గదర్శి

పసిపిల్లల మీద మతాలు పెద్దగా బరువు పెట్టలేదు. ధర్మశాస్త్రాల్లో ఉపనయనానికి సాధారణంగా చెప్పిన వయసు ఎనిమిదో ఏడు నుంచి మొదలవుతుంది. పిల్లలకు ఏడేళ్లు వచ్చాక నమాజు చేయమని చెప్పండి అని ప్రవక్త మహమ్మద్ అన్నట్టు హదీసు ఉంది. పిల్లలు తొలి దివ్యసత్ప్రసాదం (చర్చి ఆరాధనలో పంచే పవిత్రమైన రొట్టె) తీసుకునే వయసు ఎంత అన్న ప్రశ్నకు కథోలిక చర్చి 1910లో ఇచ్చిన జవాబు కూడా సుమారు ఏడేళ్లే. వేర్వేరు దారుల్లో నడిచిన ఈ సంప్రదాయాలన్నీ ఏడెనిమిదేళ్ల దగ్గరే గీత గీశాయి. స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే కూడా పిల్లల్లో తర్కంతో కూడిన ఆలోచన ఏడేళ్ల ప్రాంతంలో మొదలవుతుందని చెప్పాడు.

మరి ఏడేళ్లలోపు ఏం చేయాలి? కొందరు బట్టీ పట్టించడంతో మొదలుపెడతారు. చుట్టాలొచ్చినప్పుడు పిల్లాడు గడగడా అప్పజెబుతుంటే ముచ్చటగానే ఉంటుంది. కొందరు "పెద్దయ్యాక వాళ్ళే తెలుసుకుంటారులే" అని వదిలేస్తారు. ఈ వయసులో భక్తి పాఠంగా ఎక్కదని నా నమ్మకం. తాను ప్రేమించే మనిషి రోజూ ఏం చేస్తున్నాడో చూసి పిల్లలు పట్టుకుంటారు. కింద చెప్పిన మెట్లన్నీ ఆ ఒక్క విషయం చుట్టూ తిరిగేవే. నేను "దేవుడు" అని రాసిన చోట మీ ఇంట్లో పలికే పేరు పెట్టుకుని చదవండి.

మొదటి మెట్టు: ముందు పెద్దల సంగతి తేల్చుకోండి

పిల్లలకు ఏం చెప్పాలో ఆలోచించే ముందు ఒక కాగితం తీసుకోండి. మీరు మనస్ఫూర్తిగా నమ్మేవి, అలవాటు కొద్దీ చేసేవి, పెద్దల మాట కాదనలేక చేసేవి విడివిడిగా రాయండి. పిల్లల దగ్గర మొదటి రకంతోనే మొదలుపెట్టండి. వాటి గురించి మాట్లాడేటప్పుడు మీ గొంతు మామూలుగా ఉంటుంది. మిగతా వాటి గురించి చెప్పేటప్పుడు గొంతులో ఏదో తేడా వస్తుంది, పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు.

మానవ శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రిక్ 2009లో ఈ విషయాన్ని ఒక సిద్ధాంతంగా రాశాడు. ఎదుటి మనిషి నోటితో చెప్పినదాన్ని కాక, తన సమయాన్నో సుఖాన్నో ఖర్చుపెట్టి చేసి చూపినదాన్ని నేర్చుకునేవాళ్లు ఎక్కువగా నమ్ముతారని దాని సారాంశం. "దేవుడికి దండం పెట్టు" అని సోఫాలో కూర్చుని ఫోన్ చూస్తూ అనే మాటకు బలం లేనిది అందుకే. మీరు లేచి వెళ్లి రెండు నిమిషాలు నిశ్శబ్దంగా నిలబడితే, పిలవకుండానే పిల్లలు వచ్చి పక్కన నిలబడతారు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. దక్షిణ కాలిఫోర్నియాలో 1970లో మొదలై దశాబ్దాల పాటు కొన్ని తరాల కుటుంబాలను గమనించిన పరిశోధన ఒకటి ఉంది. సామాజిక శాస్త్రవేత్త వెర్న్ బెంగ్ట్‌సన్ దాన్ని నడిపాడు. తల్లిదండ్రుల భక్తి ఎంత గట్టిదైనా, పిల్లలతో అనుబంధం అంటీముట్టనట్టు ఉంటే అది తర్వాతి తరానికి సరిగా అందడం లేదని అందులో తేలింది. ముఖ్యంగా తండ్రితో ఉన్న దగ్గరితనానికి ఇందులో పెద్ద పాత్ర ఉందట. దేవుడి సంగతులన్నీ అమ్మకో నానమ్మకో అప్పజెప్పి చేతులు దులుపుకునే నాన్నలు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

భార్యాభర్తలిద్దరికీ ఒకే నమ్మకం లేకపోవచ్చు. ఒకరికి అసలు నమ్మకమే లేకపోవచ్చు. దాచాల్సిన అవసరం లేదు. "నాన్న ప్రార్థన చేయడు, మనం చేసేటప్పుడు మాత్రం గొడవ చేయకుండా కూర్చుంటాడు" అని చెబితే నాలుగేళ్ల పిల్లకు చక్కగా అర్థమవుతుంది. ఒకరి నమ్మకాన్ని ఇంకొకరు పిల్లల ముందు ఎగతాళి చేయడమే చెరుపు చేస్తుంది. ఇంట్లో తాతయ్య, అమ్మమ్మ, నానమ్మ ఉంటే వాళ్లతోనూ కూర్చుని మాట్లాడుకోండి. దేవుడి పేరుతో భయపెట్టకూడదు, ఇతరుల దేవుణ్ణి తక్కువ చేయకూడదు. ఈ రెండింటి మీద ఇంటిల్లిపాదీ ఒక్కమాట మీద ఉంటే చాలు. మిగతాది ఎవరి పద్ధతిలో వాళ్లను చెప్పనివ్వండి.

రెండో మెట్టు: ఆ వయసు బుర్ర ఎలా నడుస్తుందో తెలుసుకోండి

రెండు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లల ఆలోచనకు పియాజే కొన్ని లక్షణాలు చెప్పాడు. వాళ్లకు బొమ్మకు కూడా ప్రాణం ఉంటుంది. సూర్యుణ్ణి, కొండల్ని ఎవరో కూర్చుని తయారు చేశారనుకుంటారు. తన మనసులో అనుకున్నది బయట జరిగిపోతుందనుకుంటారు. ప్రతిదానికీ ఒక ప్రయోజనం వెతకడం కూడా ఈ వయసు లక్షణమే. మనస్తత్వ శాస్త్రవేత్త డెబొరా కెలెమన్ 1999లో ప్రచురించిన పరిశోధనలో, రాళ్లు ఎందుకు కొనదేలి ఉంటాయని అడిగితే, దురద పుట్టినప్పుడు జంతువులు గోక్కోవడానికి అన్నలాంటి జవాబులకే ప్రాథమిక పాఠశాల పిల్లలు కూడా మొగ్గు చూపారు.

కాబట్టి "ఇదంతా ఎవరు చేశారు?" అన్న ప్రశ్నను మీరు వాళ్ల నెత్తిన రుద్దక్కర్లేదు. అది వాళ్లలో ముందే ఉంది. దేవుడు అనే ఊహ కూడా మనం అనుకున్నంత కష్టమైంది కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త జస్టిన్ బారెట్, ఆయన సహచరులు 2001లో ఒక ప్రయోగం ప్రచురించారు. బిస్కెట్ల బొమ్మ ఉన్న పెట్టెలో రాళ్లు పెట్టి పిల్లలకు చూపించి, మూత పెట్టేశారు. మీ అమ్మ దీన్ని చూస్తే లోపల ఏముందనుకుంటుంది, దేవుడైతే ఏమనుకుంటాడు అని అడిగారు. చిన్నవాళ్లు అమ్మకూ దేవుడికీ కూడా తెలిసిపోతుందన్నారు. అయిదారేళ్ల వాళ్లు అమ్మ బిస్కెట్లనే అనుకుంటుందని, దేవుడికి మాత్రం రాళ్లని తెలుస్తుందని చెప్పారు. ఆ పిల్లలు భక్తి ఉన్న కుటుంబాలవాళ్లే అనుకోండి. మూడేళ్ల పిల్లకు అమ్మానాన్నలకూ అన్నీ తెలుసు. అయిదేళ్లొచ్చేసరికి అమ్మానాన్నలకు తెలియనివి ఉంటాయని తెలుస్తుంది, దేవుడి సంగతి వేరని అర్థమవుతుంది.

ఇంకొక పేరు చెప్పి ఈ మెట్టు ముగిస్తాను. నమ్మకం ఎదిగే దశల మీద పనిచేసిన జేమ్స్ ఫౌలర్, మూడు నుంచి ఏడేళ్ల మధ్య దశను ఊహలతో, బొమ్మలతో నిండినదిగా వర్ణించాడు. అప్పుడు మనసులో పడిన బొమ్మలు, అవి ఆదరించేవైనా బెదరగొట్టేవైనా, చాలాకాలం ఉండిపోతాయి. పిల్లల మనసులో దేవుడి ముఖాన్ని చాలావరకు అమ్మానాన్నల ముఖాలతోనే గీసుకుంటారని మనోవిశ్లేషకురాలు అనా-మరియా రిజ్జుటో 1979లోనే రాసింది. ఇంట్లో పొద్దున్నుంచీ అరుపులే వింటున్న పిల్లకు "దేవుడు చాలా ప్రేమగలవాడు" అని చెబితే అది ఎక్కడ అతుక్కుంటుంది?

మూడో మెట్టు: రోజుకు రెండు నిమిషాలతో మొదలుపెట్టండి

మూడేళ్ల పిల్లలకు రెండు నిమిషాలు చాలు. నాలుగేళ్లకు మూడు, అయిదు దాటాక అయిదు. అంతకంటే ఎక్కువసేపు కూర్చుంటే సంతోషమే, కూర్చోబెట్టడం మాత్రం వద్దు. ఇంకాసేపు ఉందామని పిల్లలకు అనిపిస్తుండగానే ఆపేయండి.

కొత్తగా ఒక సమయం పెట్టుకుంటే వారంలో మర్చిపోతారు. ఇప్పటికే రోజూ జరిగే పనికి దీన్ని తగిలించండి. స్నానం అయ్యాక, అన్నం ముందు, పడుకోబోయే ముందు, ఏదైనా ఫర్వాలేదు. నన్నడిగితే నిద్రకు ముందు సమయమే మంచిది. ఇల్లు సద్దుమణుగుతుంది, పిల్లలు మీకు ఆనుకుని ఉంటారు, ఎవరికీ ఎక్కడికీ వెళ్లే హడావిడి ఉండదు. పొద్దున్నే బడి బస్సు టెన్షన్‌లో పెట్టుకుంటే ప్రార్థన కూడా తొందరపెట్టే పనుల్లో ఒకటైపోతుంది.

చోటు కూడా ఒకటే ఉండనివ్వండి. పెద్ద గది అక్కర్లేదు, గోడ పక్కన ఒక మూల, ఒక చాప చాలు. అక్కడ పిల్లల ఎత్తుకు అందేలా, పట్టుకున్నా పగలనివి ఒకటి రెండు వస్తువులు పెట్టండి. ముట్టుకోకూడని పవిత్ర వస్తువులు మీ సంప్రదాయంలో ఉంటే వాటిని పైన పెట్టుకోండి. కింద పిల్లలది అనే అర వేరే ఉండాలి. పొద్దస్తమానం "ముట్టుకోకు, ముట్టుకోకు" అని వినపడే చోటుకు ఏ పిల్లా ఇష్టంగా రాదు. నిప్పు ఉంటే పెద్దవాళ్ల చేతుల్లోనే ఉండాలి. అందులో రాజీ లేదు.

ప్రతి పిల్లకూ ఒక పని ఇవ్వండి. చాప పరవడం, పువ్వు పెట్టడం, గంట కొట్టడం, గ్రంథాన్ని రెండు చేతులా పట్టుకుని తేవడం, లైటు తగ్గించడం, మీ ఇంటి పద్ధతికి ఏది కుదిరితే అది. రోమ్‌లో 1954లో పిల్లలతో దైవబోధన మొదలుపెట్టిన సోఫియా కవాలెట్టి, ఆమెకు తోడుగా పనిచేసిన జాన్నా గోబ్బి కూడా మాంటిస్సోరి పద్ధతినే తీసుకున్నారు. పిల్లల చేతికి చిన్న చిన్న వస్తువులిచ్చి, వాళ్లంతట వాళ్లను మళ్లీ మళ్లీ చేయనిచ్చారు. ఈ వయసులో చేతులకు పని ఉంటేనే మనసు అక్కడ నిలుస్తుంది.

రోజూ అదే క్రమం, అదే పాట, అవే మాటలు. మీకు విసుగు పుడుతుంది, పిల్లలకు పుట్టదు. ఒక్క మాట మార్చినా "అలా కాదు" అని సరిదిద్దుతారు. అలా సరిదిద్దారంటే అది వాళ్లది అయిపోయినట్టే.

నాలుగో మెట్టు: ప్రార్థన వాళ్ల మాటల్లో రానివ్వండి

మూడేళ్ల పిల్లకు ప్రార్థన అంటే చేతులు జోడించి కళ్లు మూసుకోవడం. లోపల ఒకటి జరుగుతుందని అయిదేళ్ల ప్రాంతంలో మెల్లగా తెలుస్తుంది. కాబట్టి మొదట్లో కళ్లు తెరిచి అటూ ఇటూ చూస్తుంటే తిట్టకండి.

సంప్రదాయ ప్రార్థన ఒకటి, రెండు మూడు పంక్తులకు మించనిది, నేర్పండి. దానిపక్కన సొంత మాటలకు చోటుంచండి. "ఇవాళ నీకు ఏది బాగా నచ్చింది? అది చెబుదామా?" అని అడిగితే చాలు. కుక్కపిల్లని చూశాననీ, కొత్త చెప్పులు వేసుకున్నాననీ చెబుతారు. నవ్వకండి, సరిదిద్దకండి. తర్వాత ఇంకొకరి కోసం ఒక్క మాట: "అత్తయ్యకు జ్వరం తగ్గాలి." పొరపాటు జరిగిన రోజున "తమ్ముణ్ణి కొట్టాను, రేపు కొట్టను" అన్న మాట తనంతట తనే అంటే విని ఊరుకోండి, మీరు అనిపించకండి. పిల్లలతో లెంపలేయించి చుట్టూ ఉన్నవాళ్లు నవ్వడం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

కోరికలు కోరే ప్రార్థన దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. తాము అనుకుంటే జరుగుతుందని పిల్లలు నమ్మే వయసిది. "బాగా దండం పెట్టుకుంటే తాతయ్య ఇంటికి వచ్చేస్తాడు" అని చెప్పారనుకోండి. తాతయ్య ఆసుపత్రి నుంచి తిరిగి రాకపోతే, తాను సరిగా దండం పెట్టలేదు కాబట్టే ఇలా అయ్యిందని ఆ పసిది అనుకుంటుంది. పైకి చెప్పదు కూడా. "తాతయ్యకు ధైర్యం ఇవ్వమని అడుగుదాం, డాక్టర్లు బాగా చూసుకోవాలని అడుగుదాం, మనం వెళ్లి తాతయ్య చెయ్యి పట్టుకుందాం" అంటే సరిపోతుంది. ఫలితాన్ని పిల్లల భక్తికి ముడిపెట్టకూడదు.

అయిదో మెట్టు: కథలు

ఇది అందరికీ తెలిసిన దారే కాబట్టి రెండు మూడు మాటలతో సరిపెడతాను. మీ గ్రంథాల్లోని కథల్లో కాపాడటం, పంచుకోవడం, తప్పిపోయి దొరకడం, స్నేహం, క్షమించడం ఉన్నవాటిని ముందు ఎంచుకోండి. వధలు, శాపాలు, బలులు, నరకాలు ఆరేళ్లు దాటేదాకా ఆగుతాయి. రాత్రి పడుకునే ముందు అసలే వద్దు. యుద్ధం వచ్చే చోట "చెడు చేసేవాణ్ణి ఆపాడు" అంటే చాలు. రక్తం వర్ణించక్కర్లేదు.

కథ అయిపోయాక "దీనివల్ల మనం నేర్చుకున్న నీతి ఏమిటి?" అని అడగకండి. కథ అక్కడే చచ్చిపోతుంది. "నీకు ఎవరు నచ్చారు? నువ్వు అక్కడ ఉంటే ఏం చేసేదానివి?" అని అడిగి చూడండి. తిరిగి అదే కథను బొమ్మలతో ఆడుకుంటుంటే పక్కన కూర్చుని గమనించండి. దేవుడి పాత్రకు ఎలాంటి గొంతు పెడుతున్నారో విన్నారంటే, ఇంట్లో ఎవరి గొంతు దేవుడి గొంతుగా వాళ్లకు వినిపిస్తోందో తెలిసిపోతుంది. టీవీ కార్టూన్లు కథకు బదులు కావు. చెప్పే మనిషి ఒళ్లు, గొంతు కూడా కథలో భాగమే.

ఆరో మెట్టు: ప్రశ్నలు

పెద్దవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మూడు సంగతులు గుర్తుపెట్టుకుంటే తడబాటు తగ్గుతుంది. మొదట, అడిగినంత వరకే చెప్పండి. రెండోది, వీలైతే "నువ్వేమనుకుంటున్నావు?" అని ముందు వాళ్లను అడగండి. సగం సార్లు వాళ్ల దగ్గర జవాబు ఉంటుంది, మిగతా సగం సార్లు అసలు ప్రశ్న వేరే అని బయటపడుతుంది. మూడోది, తెలియకపోతే తెలియదనండి. "నాకూ తెలియదు నాన్నా, నేనూ అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను" అన్న మాటతో మీ పరువేమీ పోదు.

"దేవుడు ఎక్కడుంటాడు?" అన్నది మొదటి ప్రశ్న. పైన, ఆకాశంలో అని చూపించేస్తాం. నాలుగేళ్ల పిల్ల దాన్ని అక్షరాలా పట్టుకుని, విమానం వెళ్లేటప్పుడు తగలదా అని అడుగుతుంది. మీ సంప్రదాయం చెప్పే జవాబునే వాళ్ల అనుభవానికి దగ్గరగా చెప్పండి. "అన్నిచోట్లా ఉంటాడని మేం నమ్ముతాం. నేను ఆఫీసులో ఉన్నప్పుడు నీకు కనిపించను. అప్పుడు కూడా నువ్వంటే నాకు ఇష్టమే కదా? అది కనిపిస్తుందా?"

"కనిపించకపోతే ఉన్నట్టు ఎలా తెలుసు?" అంటే, రుజువులు వెతికి చెప్పబోకండి. మీకెందుకు నమ్మకమో చెప్పండి. "నాకు భయం వేసినప్పుడు ప్రార్థన చేసుకుంటే ధైర్యం వస్తుంది. అందుకే నమ్ముతాను." మేం నమ్ముతాం, నేను నమ్ముతాను అన్న మాటలు ధారాళంగా వాడండి. రేపు వేరే నమ్మకం ఉన్న పిల్లతో ఆడుకునేటప్పుడు అవి పనికొస్తాయి.

"దేవుణ్ణి ఎవరు పుట్టించారు?" అన్నది పెద్ద పెద్ద తత్త్వవేత్తలు తలలు బద్దలు కొట్టుకున్న ప్రశ్న. అయిదేళ్ల వాడు అన్నం తింటూ అడిగేస్తాడు. "భలే ప్రశ్న అడిగావే! ఎవరూ పుట్టించలేదని, ఎప్పటి నుంచో ఉన్నాడని మన పెద్దలు చెప్పారు" అనండి. దానికి వాడు తృప్తి పడకపోవచ్చు, ఫర్వాలేదు. "పిచ్చి ప్రశ్నలు వేయకు, తప్పు" అని మాత్రం అనకండి. ఒకసారి ఆ మాట విన్న పిల్ల ప్రశ్నలు మానదు, మిమ్మల్ని అడగడం మానేస్తుంది.

చావు గురించిన ప్రశ్నలకు ఇంకొంచెం ఎక్కువ సిద్ధంగా ఉండాలి. చనిపోయినవాళ్లు తిరిగి రారు, వాళ్ల శరీరం ఇక పనిచేయదు, ప్రాణమున్న ప్రతిదీ ఎప్పుడో ఒకప్పుడు చనిపోతుంది. ఈ మూడూ చాలామంది పిల్లలకు అయిదు నుంచి ఏడేళ్ల మధ్య అర్థమవుతాయి. అంతకు ముందు "అమ్మమ్మ ఎప్పుడు వస్తుంది?" అని పదేపదే అడగడం మామూలే. "నిద్రపోయింది" అనకండి, పిల్లలకు నిద్రంటేనే భయం పట్టుకుంటుంది. "దేవుడు తీసుకెళ్లిపోయాడు" అనకండి, రేపు అమ్మనూ తీసుకెళతాడేమోనని దేవుడంటేనే హడలు పుడుతుంది. "మంచివాళ్లని దేవుడు తొందరగా పిలుచుకుంటాడు" అన్నది ఇంకా ప్రమాదం. అలాంటప్పుడు ఏ పిల్ల మంచిగా ఉండాలనుకుంటుంది? ముందు శరీరం సంగతి నిజం చెప్పండి: "అమ్మమ్మకు చాలా పెద్ద జబ్బు చేసింది. శరీరం పనిచేయడం ఆగిపోయింది. ఇక ఆమెకు నొప్పి లేదు, తిరిగి రాదు." తర్వాత మీ నమ్మకం చెప్పండి: "ఆమె దేవుడి దగ్గర క్షేమంగా ఉందని మేం నమ్ముతాం." ఆపైన మీకు ఏడుపు వస్తే ఏడవండి. నమ్మకం ఉన్నవాళ్లూ ఏడుస్తారని పిల్లలు చూడాలి.

"వాళ్ల దేవుడు వేరేనా?" అన్న ప్రశ్న పక్కింటి స్నేహితురాలి వల్ల వస్తుంది. "వాళ్లు వేరే పేరుతో, వేరే పద్ధతిలో ప్రార్థిస్తారు. మనం ఇలా చేస్తాం. వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు వాళ్లు ప్రార్థన చేసుకుంటుంటే నిశ్శబ్దంగా ఉండాలి" అంటే చాలు. అన్నీ ఒకటేనా, కాదా అన్న వాదం పెద్దవాళ్లకు ఎన్నో శతాబ్దాలుగా తెగలేదు. దాన్ని నాలుగేళ్ల పిల్ల మీద వేయకండి. వాళ్ల దేవుడు అబద్ధం అన్న మాట మాత్రం ఇంట్లో వినపడకూడదు. అది మర్నాడే ఆటస్థలంలో మీ పేరుతో సహా వినపడుతుంది.

ఏడో మెట్టు: భయం, లంచం రెండూ మానేయండి

మొదటి ఆరు మెట్లలో కొన్ని వదిలేసినా పెద్దగా నష్టం లేదు. దీన్ని వదిలేస్తే మాత్రం మిగతావన్నీ చేసి కూడా ప్రయోజనం తక్కువ.

"అలా చేస్తే కళ్లు పోతాయి", "దేవుడు చూస్తున్నాడు, నీ పని చెబుతాడు", "అన్నం పారేస్తే దేవుడికి కోపం వస్తుంది." ఇవన్నీ మన నోట అలవోకగా వచ్చేస్తాయి, ఎందుకంటే మనమూ విని పెరిగినవే. వెంటనే పనిచేస్తాయి కూడా. పిల్ల ఠక్కున మాట వింటుంది. కానీ రూపం లేని, తప్పించుకోవడానికి వీల్లేని, చీకట్లో కూడా చూసే ఒక పోలీసును మీరు ఆ పడకగదిలో పెట్టారు. పైగా కళ్లు పోకపోవడం నాలుగు రోజుల్లోనే తెలిసిపోతుంది. అప్పుడు పిల్ల ముందు రెండే దారులు: భయంతో ముడుచుకుపోవడం, లేదా దేవుడి గురించి మీరు చెప్పేవన్నీ ఉత్తివే అనుకోవడం.

క్రమశిక్షణ మీ పని. దాన్ని దేవుడి మీదికి తోసేయకండి. "తమ్ముణ్ణి కొడితే వాడికి నొప్పి పుడుతుంది. నేను కొట్టనివ్వను" అన్నది మీ అధికారం, మీ మాట. "దేవుడు చూస్తున్నాడు" అన్న మాట ఓదార్పుగా వాడుకోండి. చీకటంటే భయపడినప్పుడు, బడిలో మొదటి రోజు, ఎవరూ చూడకపోయినా బొమ్మ తిరిగి ఇచ్చేసినప్పుడు.

లంచం సంగతి భయమంత చెడ్డగా కనిపించదు, అందుకే జారిపోతుంది. "ప్రార్థన నేర్చుకుంటే చాక్లెట్", "రోజూ కూర్చుంటే స్టిక్కర్." మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో నర్సరీ పిల్లల మీద చేసిన ప్రయోగం ప్రచురించారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడం ముందే ఇష్టమున్న పిల్లలను తీసుకున్నారు. కొందరికి బొమ్మ వేస్తే రిబ్బన్ కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశపెట్టారు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, ఆశపెట్టిన పిల్లలు మిగతావాళ్లలో దాదాపు సగం సమయమే బొమ్మలు వేస్తూ గడిపారు. అంటే ఉన్న ఇష్టాన్ని బహుమతి తినేసింది. ప్రార్థన విషయంలోనూ అదే జరగకూడదంటే, చాక్లెట్ చాక్లెట్‌లాగే ఇవ్వండి, ప్రార్థనతో దానికి సంబంధం పెట్టకండి. మెచ్చుకోవాలనిపిస్తే "నువ్వు పక్కన కూర్చుంటే నాకు బాగుంటుంది" అనండి.

చుట్టాల ముందు అప్పజెప్పమనడం కూడా ఒక రకం బహుమతే. పిల్ల తనంతట తాను పాడితే వినండి. "ఏదీ, అంకుల్‌కి వినిపించు" అని ముందుకు తోయకండి.

ఎనిమిదో మెట్టు: చేతల్లోకి తేవడం

మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, పద్దెనిమిది నెలల పిల్లలు కూడా ఎవరి చేతిలోంచో వస్తువు జారిపడితే అడగకుండానే తీసి ఇచ్చారు. సాయం చేయాలన్న బుద్ధి వాళ్లలో అప్పటికే ఉంది. దాన్ని మీ నమ్మకంతో కలిపితే చాలు. ప్రార్థనలో ఎవరి పేరు చెప్పారో, మర్నాడు వాళ్ల కోసం ఒక పని చేయించండి. జ్వరమొచ్చిన అత్తయ్యకు బొమ్మ గీసి పంపడం, మొక్కకు నీళ్లు పోయడం, తన బొమ్మల్లో ఒకటి తానే ఎంచి ఇవ్వడం. ఏది ఇవ్వాలో వాళ్లే ఎంచుకోవాలి. పాతది, విరిగింది ఎంచుకున్నా ఈసారికి అలాగే కానివ్వండి. వచ్చేసారి మీరు మీకు ఇష్టమైన వస్తువొకటి ఇస్తూ కనిపించండి.

ప్రార్థన స్థలాలకు తీసుకెళ్లడం

జనం తక్కువగా ఉండే వేళ చూసి వెళ్లండి. వెళ్లేముందు అక్కడ ఏమేం ఉంటాయో, ఏది చేయొచ్చో, ఏది చేయకూడదో చెప్పండి. ముందు వైపు కూర్చుంటే వెనక కంటే తక్కువ అల్లరి చేస్తారు, ఎందుకంటే చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది. ఏడుపు మొదలైతే బయటికి తీసుకెళ్లి తిప్పి తీసుకురండి. ఇరవై నిమిషాలు ఉండి నవ్వుతూ వచ్చేయడం, రెండు గంటలు గిల్లుతూ కూర్చోబెట్టడం కంటే మేలు. పెద్ద పండుగల రద్దీలో మొదటిసారి తీసుకెళ్లకండి.

మొరాయించే రోజులు

"నేను రాను" అంటారు. అనకపోతే ఆశ్చర్యపోవాలి. "సరే, నేను చేసుకుంటాను, నువ్వు అక్కడ ఆడుకో" అని మీరు వెళ్లి మీ రెండు నిమిషాలు చేసుకోండి. బతిమాలొద్దు, అలగొద్దు. మూడోనాడో నాలుగోనాడో మళ్లీ వస్తారు. రెండు మూడు వారాలైనా రాకపోతే పిల్లను కాక పద్ధతిని అనుమానించండి. నిడివి ఎక్కువైందా, చేతికి పని లేదా, ఆ సమయానికి ఆకలేస్తోందా, ఎవరైనా ఏదైనా అని భయపెట్టారా?

భయపెట్టిన గుర్తులు కొన్ని ఉంటాయి. ఒక్క మాట తప్పిపోయిందని ప్రార్థన మళ్లీ మళ్లీ మొదటి నుంచి చేయడం, నేను చెడ్డదాన్నా అని పదేపదే అడగడం, దేవుడి గురించి పీడకలలు రావడం. అలాంటప్పుడు కథలు, నియమాలు అన్నీ పక్కన పెట్టి, ఏం విన్నారో మెల్లగా కనుక్కోండి. ఎవరు అన్నా సరే, "అది నిజం కాదు, దేవుడికి నీ మీద కోపం లేదు" అని సూటిగా చెప్పండి. కొన్ని వారాలైనా తగ్గకపోతే పిల్లల డాక్టర్‌తో మాట్లాడండి.

ఆరేళ్లు దాటుతున్నప్పుడు

ఆరేళ్లు నిండుతుండగా ప్రశ్నల తీరు మారుతుంది. "ఇది నిజంగా జరిగిందా? బడిలో వేరేలా చెప్పారే?" అంటారు. కథలను విప్పి చూసే వయసు వస్తోందన్నమాట. పాత రెండు నిమిషాల పద్ధతిని అలాగే ఉంచి, దానిపక్కన కొత్తవి చేర్చండి. చిన్న చిన్న పంక్తులు తామే చదవడం, వారంలో ఒకరోజు క్రమం తామే నడిపించడం, ఎందుకు ఇలా చేస్తామో అడిగి తెలుసుకోవడం. ఇన్నాళ్లూ దాచిన కష్టమైన కథల్లో ఒకటి రెండు ఇప్పుడు పగటిపూట చెప్పొచ్చు. మీ మతంలో ఈ వయసుకు పద్ధతిగా నేర్పే తరగతులో గురువులో ఉంటే, చేర్చే ముందు మీరు ఒకరోజు వెళ్లి వెనక కూర్చుని వినండి. అక్కడ పిల్లలు ప్రశ్న అడిగితే పెద్దాయన ముఖం ఎలా మారుతోందో చూసి, చేర్చాలో వద్దో తేల్చుకోండి.